గేమ్ నైట్‌కి ఏ ఆట పెట్టాలి? ఫ్రెండ్స్‌తో ఆడించి చూసిన బాక్సుల మీద నా రివ్యూ

ముందు ఒక రాత్రి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ రివ్యూ మొత్తం అక్కడి నుంచే వచ్చింది. తొమ్మిది మందిమి కలిశాం, అందరికీ తెలిసిన ఆట కదా అని మాఫియా మొదలుపెట్టాం. తెలీనివాళ్ళ కోసం: రాత్రి అని చెప్పగానే అందరూ కళ్ళు మూసుకుంటారు, మాఫియా వాళ్ళు మాత్రం కళ్ళు తెరిచి ఎవరో ఒకర్ని చంపుతారు, తెల్లారాక అందరూ వాదించుకుని ఓటేసి ఒకర్ని బయటికి పంపుతారు. మా ఫ్రెండ్ ఒకామె, అసలే తక్కువ మాట్లాడుతుంది, మొదటి రాత్రే చచ్చిపోయింది. ఇంకో ఆట వేశాం, మళ్ళీ మొదటి రాత్రే ఆమే పోయింది. మిగతా మేమంతా గొంతులు పోయేలా అరుచుకుంటుంటే ఆమె పక్కన సోఫాలో ఫోన్ చూసుకుంటూ కూర్చుంది, తర్వాత గడియారం చూస్తే దాదాపు గంట గడిచింది, "రేపు పొద్దున్నే లేవాలి రా, నేను వెళ్తా" అని లేచి వెళ్ళిపోయింది. ఆ రాత్రి బాగా ఎంజాయ్ చేశాం అని మిగతావాళ్ళు మెసేజ్‌లు పెట్టారు, నాకు మాత్రం ఆ సోఫానే గుర్తుండిపోయింది.

అప్పటి నుంచి ఏ ఆటనైనా నేను ఒకటే లెక్కతో చూస్తున్నా: ఆట నడుస్తున్నప్పుడు ఒక మనిషి ఎంతసేపు ఖాళీగా కూర్చోవాల్సి వస్తుంది? రేటింగ్ ఎంత, బాక్స్ ఎంత అందంగా ఉంది, ఎన్ని అవార్డులొచ్చాయి ఇవన్నీ దాని తర్వాతే. రూల్స్ చెప్పడానికి పట్టే టైం కూడా ఖాళీ టైమే, నేను మూడు నాలుగు నిమిషాలు దాటి చెప్తున్నానంటే ఎదురుగా ఉన్నవాళ్ళ కళ్ళల్లో కనిపించిపోతుంది, సగంమంది వినట్లేదు అని. కింద రాసినవన్నీ ఫ్రెండ్స్‌తో కూర్చుని ఆడినవే, కొన్ని పదిసార్లు దాటి ఆడాం, కొన్ని రెండుసార్లకే అటక మీదకి వెళ్ళిపోయాయి.

నేను ఎవరికైనా ఒక్క బాక్స్ కొనుక్కో అని చెప్పాల్సి వస్తే అది జస్ట్ వన్. 2018లో వచ్చింది, 2019లో జర్మనీవాళ్ళ స్పీల్ డెస్ యారెస్ అవార్డు కొట్టింది, అంటే బోర్డ్ గేమ్స్‌లో అందరూ ఎదురుచూసే అవార్డు అన్నమాట. ముగ్గురి నుంచి ఏడుగురి దాకా ఆడొచ్చు. ఒకళ్ళు కార్డు తీసి తాను చూడకుండా మిగతావాళ్ళకి కనిపించేలా నిలబెట్టి ఒకటి నుంచి ఐదు లోపు ఒక నంబర్ చెప్తారు, ఆ నంబర్ దగ్గరున్న పదానికి మిగతా అందరూ తలా ఒక క్లూ రాయాలి, ఒక్క మాటే రాయాలి, పక్కవాళ్ళకి చూపించకూడదు. రాశాక కార్డు తీసినవాళ్ళు కళ్ళు మూసుకుంటారు, మిగతావాళ్ళు బోర్డులు తిప్పి ఒకరివి ఒకరు చూసుకుంటారు, ఇద్దరు ఒకే మాట రాస్తే రెండూ కొట్టేయాలి. మిగిలిన వాటితోనే ఆ పదం కనిపెట్టాలి. రూల్స్ అంతే.

ఇందులో గమ్మత్తంతా ఆ కొట్టేయడంలోనే ఉంది. ఒకసారి పదం చంద్రుడు. మేం తెలుగులోనే క్లూలు రాసుకుంటాం. ఆరుగురం రాశాం. బోర్డులు తిప్పితే మూడింటి మీద "వెన్నెల". అయ్యో అని ముగ్గురూ ఒకేసారి తలలు పట్టుకున్నారు, మూడూ పోయాయి. మిగిలినవి "మచ్చ", "రాకెట్", "నెలకోసారి". కళ్ళు తెరిచినవాడు ఆ మూడు చూసి మొహం ఒకలా పెట్టాడు, మచ్చకి రాకెట్‌కి ఏంటి సంబంధం రా అని తనలో తనే గొణుక్కున్నాడు, మేమేమో నోరు మెదపకూడదు, కుర్చీ అంచులు పట్టుకుని కూర్చున్నాం, ఒక అర నిమిషం తర్వాత మెల్లగా "చంద్రుడా?" అన్నాడు. ఆ అరుపు పక్కింటికి వినపడే ఉంటుంది. ఇక్కడ చూడండి, క్లూ రాసే ప్రతి ఒక్కళ్ళూ ఒకటే ఆలోచిస్తారు, అందరికీ తట్టే మాట రాస్తే కొట్టుకుపోతుంది, ఎవరికీ తట్టని మాట రాస్తే అర్థం కాదు, మధ్యలో ఏదో పట్టుకోవాలి. అది నోటితో కాదు, రాతతో జరుగుతుంది కాబట్టి గట్టిగా మాట్లాడేవాళ్ళకి అందులో అడ్వాంటేజ్ లేదు. నేను ఇందాక చెప్పిన ఫ్రెండ్ ఉంది కదా, "నెలకోసారి" రాసింది ఆమే.

ఇంకో మంచి విషయం, అందరూ ఒకే టీం. 13 కార్డులు ఆడతారు, అందులో ఎన్ని కరెక్ట్ అయితే అది స్కోరు. తప్పు చెప్తే ఆ కార్డుతో పాటు ఇంకో కార్డు కూడా పోతుంది, తెలీదు పాస్ అంటే ఆ ఒక్క కార్డే పోతుంది. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. మైనస్ ఏంటంటే ముగ్గురితో అంత మజా ఉండదు, క్లూలు మరీ తక్కువైపోతాయి కాబట్టి ఆ కొట్టేసే గమ్మత్తు పెద్దగా జరగదు. ఐదుగురి నుంచి పైకి ఉంటేనే ఆట బతుకుతుంది.

కోడ్‌నేమ్స్ గురించి అందరూ చెప్తారు, నేనూ చెప్తా, కానీ కొంచెం వేరేగా. వ్లాదా ఖ్వాటిల్ అనే చెక్ డిజైనర్ చేశాడు, 2015లో వచ్చింది, 2016లో అదే స్పీల్ డెస్ యారెస్ దీనికి వచ్చింది. టేబుల్ మీద ఐదు వరసల్లో 25 పదాలు పరుస్తారు. రెండు టీములు, టీంకో స్పైమాస్టర్. ఏ పదం ఎవరిదో ఆ ఇద్దరికి మాత్రమే తెలుసు, ముందు ఆడే టీంకి 9 పదాలు, రెండో టీంకి 8, ఎవరికీ చెందనివి 7, ఒకటి హంతకుడు. హంతకుడి పదం ముట్టుకుంటే ఆట అక్కడికక్కడే ఓడిపోయినట్టు. స్పైమాస్టర్ ఒక మాట, ఒక నంబర్ మాత్రమే చెప్పాలి, ఆ మాటకి సరిపోయే తమ పదాలు ఎన్నో ఆ నంబర్, వాటిని టీంవాళ్ళు కనిపెట్టి ముట్టుకోవాలి.

మా దగ్గర ఇంగ్లీష్ సెట్టే ఉంది, కానీ క్లూ తెలుగులో ఇవ్వొచ్చు అని మేమే రూల్ పెట్టుకున్నాం, దాంతో ఆట ఇంకో మెట్టు ఎక్కింది అని నా గట్టి నమ్మకం. ఒకసారి మా వాడు "రెక్కలు, మూడు" అన్నాడు. టేబుల్ మీద ఈగల్ ఉంది, ప్లేన్ ఉంది, అవి రెండూ వెంటనే ముట్టుకున్నాం. మూడోది? ఏంజెల్ అని కార్డు కనిపించింది, దేవదూతకి రెక్కలుంటాయి కదా అని ముట్టుకున్నాం, ఎవరికీ చెందని పదం, టర్న్ పోయింది. వాడు మాత్రం రాయిలా కూర్చున్నాడు, స్పైమాస్టర్ మొహంలో ఏమీ కనిపించకూడదు కదా. ఆట అయ్యాక చూస్తే వాడనుకున్న మూడోది ఫ్యాన్. "ఫ్యాన్ రెక్కలు అనరా మీ ఇళ్ళల్లో" అని వాడు అడిగిన తీరు ఇప్పటికీ గుర్తుంది. ఇంగ్లీషులో ఆ క్లూ పనే చేయదు, ఫ్యాన్‌కి వింగ్స్ అని ఎవరూ అనరు. ఇలాంటివి దొరుకుతుంటే ఆ 25 పదాలు మన సొంతం అయిపోయినట్టు అనిపిస్తుంది.

ఇంత ఇష్టమైనా కోడ్‌నేమ్స్‌ని నేను గేమ్ నైట్‌లో మొదటి ఆటగా పెట్టను. కారణం మళ్ళీ అదే ఖాళీ టైం. స్పైమాస్టర్ ఆలోచిస్తున్నంతసేపు మిగతా అందరూ గోడలు చూడాలి, కొంతమంది ఒక క్లూకి నాలుగు నిమిషాలు తీసుకుంటారు, తప్పు కూడా కాదు, నిజంగానే కష్టం అది. బాక్స్‌లో ఇసుక గడియారం ఉంటుంది, చాలామంది వాడరు, మేం వాడతాం, మొదటి క్లూకి మాత్రం మినహాయింపు ఇస్తాం. ఇంకో సమస్య, టీంకి నలుగురైదుగురు ఉంటే అందులో ఒక గట్టి గొంతు మొత్తం నిర్ణయాలు తీసేసుకుంటుంది. ఆరుగురితో దీనికి అసలు అందం, ఎనిమిది కూడా పర్లేదు, పది మందితో మాత్రం వద్దు. ఇద్దరే ఉన్న రోజుకి 2017లో వచ్చిన కోడ్‌నేమ్స్ డ్యూయెట్ ఉంది, అది ఇద్దరూ కలిసి ఒకే వైపు ఆడే ఆట, చాలా బావుంటుంది, కానీ అది పార్టీ ఆట కాదు కాబట్టి ఇక్కడితో ఆపుతా.

డిక్సిట్ నాకు మనసుకి బాగా దగ్గరైన ఆట, అందుకే దీని గురించి జాగ్రత్తగా రాయాలనుకుంటున్నా. జాన్ లూయీ రుబిరా అని ఫ్రాన్స్‌లో పిల్లల మానసిక వైద్యుడు తయారుచేశాడు, 2008లో వచ్చింది, 2010లో దీనికీ అదే అవార్డు. బాక్స్‌లో 84 పెద్ద బొమ్మల కార్డులు, ఒక్క అక్షరం ఉండదు, కలలో కనిపించినట్టుండే బొమ్మలు. చేతిలో ఆరు కార్డులు ఉంటాయి. ఒకళ్ళు తమ కార్డు ఒకటి మనసులో అనుకుని దానికి ఒక మాటో వాక్యమో చెప్తారు, మిగతావాళ్ళు ఆ మాటకి సరిపోయే బొమ్మ తమ చేతిలోంచి ఒకటి ఇస్తారు, అన్నీ కలిపి పరుస్తారు, అసలు బొమ్మ ఏదో ఓటేయాలి. దీని తెలివంతా స్కోరింగ్‌లో ఉంది: అందరూ కనిపెట్టేస్తే చెప్పినవాళ్ళకి సున్నా, ఎవరూ కనిపెట్టకపోయినా సున్నా, కొందరు కనిపెడితేనే చెప్పినవాళ్ళకీ కనిపెట్టినవాళ్ళకీ మూడేసి పాయింట్లు. అంటే మరీ విప్పి చెప్పకూడదు, మరీ దాచకూడదు.

ఒక రాత్రి "సెలవుల ఆఖరి రోజు" అని ఒకతను అన్నాడు. అంతే, గది ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోయింది. అందరూ తమ ఆరు కార్డులు చూసుకుంటున్నారు. పరిచాక చూస్తే ప్రతి బొమ్మా నిజంగానే సెలవుల ఆఖరి రోజులా ఉంది, ఒక్కోటి ఒక్కో రకంగా, ఒకదాంట్లో ఒంటరి మనిషి, ఒకదాంట్లో మూసిన తలుపు, ఒకదాంట్లో దూరంగా పోతున్న పడవ. ఓటేయడం పక్కన పెట్టి చిన్నప్పుడు బడి తెరిచే ముందు రోజు ఎలా ఉండేదో మాట్లాడుకుంటూ పావుగంట గడిపేశాం. పదేళ్ళుగా తెలిసిన ఫ్రెండ్ గురించి తెలీని సంగతి ఒకటి ఆ పావుగంటలో తెలిసింది. ఏ ఆటైనా ఇంతకన్నా ఏం ఇవ్వాలి అనిపించింది.

ఇందులో ప్రతి రౌండ్‌లో ప్రతి ఒక్కళ్ళకీ పని ఉంటుంది కాబట్టి ఖాళీ టైం దాదాపు లేదు. లోపాలు లేవా అంటే ఉన్నాయి. పాత ఎడిషన్ ఆరుగురికే, కొత్త ఎడిషన్‌లో ఎనిమిది మంది ఆడొచ్చు, కొనేముందు బాక్స్ మీద చూసుకోండి. గదిలో భార్యాభర్తలో మరీ దగ్గరి ఫ్రెండ్సో ఉంటే వాళ్ళిద్దరికే తెలిసిన సంగతులతో క్లూలు ఇచ్చుకుంటారు, మిగతావాళ్ళకి విసుగొస్తుంది, అలాంటప్పుడు అందరికీ అర్థమయ్యే ఛాన్స్ ఉన్న మాటే చెప్పాలి అని ముందే అనుకుంటే మంచిది. పది పన్నెండుసార్లు ఆడాక బొమ్మలు బట్టీ వచ్చేస్తాయి, అప్పుడు అదనపు కార్డుల బాక్స్ కావాలి. పోటీ కోసం వచ్చినవాళ్ళకి, అంటే గెలుపు ఓటమి గట్టిగా తేలాలి అనుకునేవాళ్ళకి ఇది చప్పగా ఉంటుంది, వాళ్ళని బలవంతపెట్టొద్దు.

వేవ్‌లెంగ్త్ 2019లో వచ్చింది, రెండు టీములు, పన్నెండు మంది దాకా కూర్చోవచ్చు. మధ్యలో ఒక పెద్ద డయల్ ఉంటుంది, దాని మీద మూత. కార్డు మీద రెండు చివర్లు రాసి ఉంటాయి, ఉదాహరణకి వేడి ఒక చివర, చల్లన ఇంకో చివర. టార్గెట్ ఎక్కడుందో క్లూ ఇచ్చేవాళ్ళకే తెలుసు, సరిగ్గా ఆ చోటుకి సరిపోయే మాట చెప్పాలి, టీంవాళ్ళు ముల్లు తిప్పి అక్కడికి తేవాలి. నడిమధ్యన పడితే 4, పక్కన 3, ఇంకా పక్కన 2. ఎదుటి టీం ఊరికే కూర్చోదు, టార్గెట్ ముల్లుకి ఎడమవైపా కుడివైపా అని ఊహిస్తే వాళ్ళకీ ఒక పాయింట్. ఆ ఒక్క రూల్ వల్ల ఎదుటివాళ్ళు కూడా ప్రతి మాటా చెవులు రిక్కించి వింటారు, డిజైన్ చేసినవాళ్ళకి దండం పెట్టాలి అనిపిస్తుంది నాకు.

వేడి చల్లన కార్డుకే మా ఫ్రెండ్ "జ్వరం" అంది. ఒకతను ముల్లు వేడి వైపు మొత్తం తోసేశాడు. పక్కవాడు ఆపి, "జ్వరం వేడే కానీ నిప్పంత వేడి కాదు కదా, కొంచెం వెనక్కి తేరా" అన్నాడు. ఇంకొకామె, "అసలు జ్వరం వస్తే చలేస్తుంది కదా, దుప్పటి కప్పుకుంటాం, మధ్యలో పెట్టండి" అంది. అక్కడి నుంచి చలిజ్వరం, ఒళ్ళు కాలిపోవడం, థర్మామీటర్, అన్నీ వచ్చాయి. క్లూ ఇచ్చినామె మాత్రం పెదాలు బిగబట్టుకుని కళ్ళు నేలకేసి కూర్చుంది. అలాంటి వాదన ఎంతసేపైనా వినొచ్చు. వాదించడమే ఆట కాబట్టి తప్పు చెప్పడం అంటూ ఉండదు, కొత్తగా గ్రూపులోకి వచ్చినవాళ్ళు కూడా రెండో నిమిషంలోనే నోరు విప్పుతారు. ఒక్క జాగ్రత్త, కొన్ని కార్డుల్లో చివర్లు మరీ వదులుగా ఉంటాయి, మనకి ఇంట్రెస్టింగ్‌గా లేకపోతే ఇంకో కార్డు తీసుకోవడమే, అందులో తప్పేం లేదు.

బొమ్మలు గీసే ఆటల్లో టెలిస్ట్రేషన్స్ తప్ప వేరేది నాకు వద్దు. 1985 నాటి పిక్షనరీ చాలామందికి తెలుసు, ఒకళ్ళు గీస్తుంటే వాళ్ళ టీం అరుస్తుంది, కానీ బొమ్మలు రానివాళ్ళని అందరి ముందు నిలబెట్టినట్టవుతుంది, నాకది నచ్చదు. 2009లో వచ్చిన టెలిస్ట్రేషన్స్‌లో ఎనిమిది మందికి తలా ఒక చిన్న పుస్తకం ఇస్తారు, అందరూ తమకొచ్చిన పదానికి ఒకేసారి బొమ్మ గీస్తారు, ఒక నిమిషం అవగానే పుస్తకం పక్కవాళ్ళకి, వాళ్ళు ఆ బొమ్మ చూసి అదేంటో రాస్తారు, ఆ తర్వాతి వాళ్ళు ఆ రాత చూసి బొమ్మ గీస్తారు. పుస్తకం చుట్టూ తిరిగి సొంతవాళ్ళ దగ్గరికి వచ్చాక ఒక్కో పేజీ తిప్పి చూపించాలి. నేను "నిద్రలేమి" తో మొదలైన పుస్తకం ఒకటి చూశాను: మంచం పక్కన కళ్ళు పెద్దవి చేసుకుని నిలబడ్డ మనిషి, కిటికీలో చందమామ. తర్వాతామె "కాపలావాడు" అని రాసింది, ఆ తర్వాత బొమ్మలో కాపలావాడి చేతిలో టార్చ్ కాస్తా సంచిలా కనిపించింది, అది చూసినతను "దొంగ" అన్నాడు, తర్వాత గీసినతను దొంగకి పెద్ద సంచీ, గడ్డం పెట్టాడు, చివరికి "క్రిస్మస్ తాత" దగ్గర ఆగింది. బొమ్మ ఎంత తప్పుగా ఉంటే అంత బాగా నవ్వొస్తుంది కాబట్టి గీయడం రాదు అనే భయమే ఉండదు. ఖాళీ టైం సున్నా. బాక్స్ లేకపోయినా కాగితాలు కుట్టుకుని ఆడొచ్చు, దూరంగా ఉన్న ఫ్రెండ్స్‌తో అయితే గార్టిక్ ఫోన్ అని ఆన్‌లైన్‌లో దాదాపు ఇదే ఆట ఉంది.

ఇక్కడే ఒక మాట. గీసే ఆట ఒకటి ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ దగ్గర తీసుకున్నా, ఆట పేరు సెల్లర్ పేరు అనవసరం, అందరూ వచ్చి కూర్చున్నాక సీల్ తీస్తే ఎనిమిది మార్కర్లకి ఐదే ఉన్నాయి, వాటిలో రెండు ఎండిపోయాయి. రీప్లేస్‌మెంట్ వచ్చేసరికి రెండు వారాలు పట్టింది, ఆ సాయంత్రం మాత్రం తిరిగి రాదు కదా. కాబట్టి ఏ బాక్స్ అయినా ముందు రోజే తెరిచి కార్డులు లెక్కపెట్టి, మార్కర్లు గీసి చూసి, రూల్స్ పుస్తకం ఒకసారి చదివి పెట్టుకోండి.

టాబూ 1989 నుంచి ఉంది, ఐదు నిషిద్ధ పదాలు వాడకుండా అసలు పదం చెప్పించాలి, ఎదుటి టీంవాళ్ళు భుజం మీద నుంచి చూస్తూ తప్పు మాట రాగానే బజర్ నొక్కుతారు. ఆట బాగుంది, కానీ స్పీడుగా ఇంగ్లీష్ మాట్లాడగలిగేవాళ్ళదే రాజ్యం, మిశ్రమంగా ఉండే గ్రూపుకి నేను పెట్టను. మధ్యలో పెట్టిన కార్డుకి సరిపోయే కార్డు చేతిలోంచి వేసే ఆటలు, అంటే 1999 నాటి ఆపిల్స్ టు ఆపిల్స్, దాని తర్వాత అదే తరహాలో 2011లో వచ్చిన పెద్దవాళ్ళ ఆట కార్డ్స్ అగైన్‌స్ట్ హ్యుమానిటీ, మొదటి గంట నవ్వు వస్తుంది, ఒప్పుకుంటా. కానీ జోకు కార్డు మీద ముందే అచ్చయి ఉంటుంది, మన ఫ్రెండ్ నోట్లోంచి రాదు, రెండోసారి అదే కార్డు వస్తే ఎవరూ నవ్వరు. పైగా ఆ రెండోదాంట్లో బూతులు, ఎవరికైనా నొప్పి కలిగించే మాటలు చాలా ఉన్నాయి, గదిలో ఒక్కరు ఇబ్బందిగా కదిలినా నాకు ఆట మీద మనసు పోతుంది. నా దగ్గర ఇక లేదు.

అబద్ధాలాడే ఆటలకి వద్దాం, ఎందుకంటే మాఫియాతోనే కదా మొదలుపెట్టాం. ఆ ఆటని 1986 ప్రాంతంలో మాస్కో స్టేట్ యూనివర్సిటీలో దిమిత్రీ దవిదోవ్ అనే సైకాలజీ విద్యార్థి తయారుచేశాడు, 1997లో ఆండ్రూ ప్లాట్‌కిన్ దాన్ని తోడేళ్ళ కథగా మార్చాడు, అదే వేర్‌వుల్ఫ్. డబ్బు ఖర్చు లేదు, కార్డులు కూడా అక్కర్లేదు, పదిహేను మంది ఉన్నా ఆడొచ్చు, అందుకే ప్రపంచమంతా పాకింది. కానీ చచ్చినవాళ్ళు చివరిదాకా నోరు మూసుకుని కూర్చోవాలి, ఆ ఒక్కటే నాకు మింగుడుపడదు.

దానికి మందు రెండు బాక్సుల్లో దొరికింది. ఒకటి వన్ నైట్ అల్టిమేట్ వేర్‌వుల్ఫ్, 2014లో వచ్చింది, ఒకే రాత్రి ఒకే పగలు, పది నిమిషాల్లో ముగిసిపోతుంది, ఎవరూ మధ్యలో చావరు, రాత్రి ఎవరు ఎప్పుడు లేవాలో ఫోన్ యాప్ చెప్తుంది కాబట్టి నడిపించే మనిషి కూడా ఆటలో కూర్చోవచ్చు. మొదటి రౌండ్ ఎవరికీ అర్థం కాదు, అది ప్రాక్టీస్ అని ముందే చెప్పేయండి, రెండో రౌండ్ నుంచి అంటుకుంటుంది. రెండోది అవలాన్, 2012లో వచ్చింది, ఐదుగురి నుంచి పది మంది దాకా. ఇందులో చంపడం లేదు, ఎవర్ని మిషన్‌కి పంపాలి అని ఓటింగ్, మిషన్ గెలవాలని మంచివాళ్ళు, చెడగొట్టాలని వాళ్ళలో దాక్కున్న చెడ్డవాళ్ళు చూస్తారు. మంచివాళ్ళలో మెర్లిన్‌కి చెడ్డవాళ్ళెవరో తెలుసు, కానీ ఆ సంగతి బయటపడితే ఆఖర్లో చెడ్డవాళ్ళు మెర్లిన్‌ని కనిపెట్టి గెలిచేస్తారు, కాబట్టి తెలిసీ తెలీనట్టు నటించాలి. ఎనిమిది మంది అనుభవం ఉన్నవాళ్ళు దొరికితే దీన్ని మించిన ఆట లేదు అంటాను. కానీ రూల్స్ చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది, ఇంకా కొంతమందికి ఫ్రెండ్స్ మొహం మీద అబద్ధం చెప్పడం నిజంగా ఇష్టం ఉండదు, చేతులు వణుకుతాయి. ముందే అడగండి. వద్దు అంటే వద్దు, "ఆటే కదా" అని ఒత్తిడి చేయకూడదు.

అబద్ధం కావాలి కానీ అంత తలనొప్పి వద్దు అంటే స్కల్ ఉంది, తలా నాలుగు బిళ్ళలు, మూడింటి మీద పువ్వు, ఒకదాని మీద పుర్రె, బోర్లా పెట్టి, పుర్రె తగలకుండా ఎన్ని పువ్వులు తిప్పగలం అని పందెం కాయడమే. రూల్స్ నిమిషంలో అయిపోతాయి. ఆరుగురికి బాక్స్, పేకముక్కలతో కూడా లాగించొచ్చు, మూడు ఎర్రవి ఒక నల్లది చాలు.

ఊనో గురించి కూడా అడుగుతారు. 1971 నుంచి ఉన్న ఆట, అందరి ఇంట్లో ఉంటుంది, రూల్స్ చెప్పక్కర్లేదు, అదే దాని పెద్ద బలం. కానీ ఎనిమిది మంది కూర్చుంటే మన టర్న్ వచ్చేసరికి ఎప్పుడో, వచ్చాక స్కిప్ పడితే ఇంకో చుట్టు. ప్లస్ టూ మీద ప్లస్ టూ వేయొచ్చా అని ప్రతి ఇంట్లో గొడవ, అసలు రూల్ ప్రకారం వేయకూడదు, పడినవాళ్ళు ముక్కలు తీసుకుని టర్న్ వదులుకోవాలి. మీరు ఎలా ఆడినా పర్లేదు, ముక్కలు పంచకముందే అనుకోండి, ఆట మధ్యలో అనుకుంటే మాటలు పెరుగుతాయి. ఎక్స్‌ప్లోడింగ్ కిట్టెన్స్ అనే కార్డుల ఆట మామూలు బాక్స్ ఐదుగురికే, ఇందులోనూ ఔటైనవాళ్ళు బయట కూర్చోవాలి కానీ ఆట పావుగంటలో ముగుస్తుంది కాబట్టి క్షమించేయొచ్చు, చిన్న గ్రూపుకి ఓకే.

జెంగాని నేను ఆటల లిస్టులో కాదు, గుమ్మం దగ్గర పెడతా. 54 చెక్కముక్కలు, మూడేసి చొప్పున 18 వరసలు, అది కూలకుండా ఒక్కో ముక్కా లాగి పైన పెట్టాలి, 1983లో లెస్లీ స్కాట్ మార్కెట్‌లోకి తెచ్చింది, పేరు స్వాహిలీ భాషలో కట్టడం అనే మాట నుంచి వచ్చింది. చెప్పిన టైంకి ఇద్దరే వస్తారు, మిగతావాళ్ళు ఒక్కొక్కళ్ళే వస్తుంటారు, ఆ అరగంటకి దీన్ని మించింది లేదు, ఎవరు ఎప్పుడొచ్చినా మధ్యలో చేరిపోవచ్చు. ఫోన్లతో ఆడే జాక్‌బాక్స్ కూడా ఆలోచించదగ్గదే, ఒక్కళ్ళ దగ్గర ఆట ఉండి టీవీకి పెడితే మిగతావాళ్ళ ఫోన్లే కంట్రోలర్లు, చాలా ఆటల్లో ఎనిమిది మంది ఆడొచ్చు, మిగతావాళ్ళు ఆడియన్స్‌గా చేరి ఓట్లేయొచ్చు. ఊళ్ళల్లో చెల్లాచెదురుగా ఉన్న ఫ్రెండ్స్ వీడియో కాల్‌లో కలిసినప్పుడు బాగా పనికొస్తుంది. ఒకే గదిలో ఉన్నప్పుడు మాత్రం నేను వద్దంటా, ఫోన్ చేతిలో ఉంటే మెసేజ్ వస్తుంది, మెసేజ్ వస్తే మనిషి పోతాడు.

చివరగా ఏమీ కొనక్కర్లేని ఆట, నా లెక్కలో జస్ట్ వన్ పక్కన నిలబడే ఆట. చీటీల ఆట. తలా ఐదు చీటీల మీద అందరికీ తెలిసిన మనుషుల పేర్లు రాసి గిన్నెలో వేయాలి. రెండు టీములు, టర్న్‌కి ఒక నిమిషం. మొదటి రౌండ్‌లో పేరు తప్ప ఏమైనా మాట్లాడి చెప్పించొచ్చు. చీటీలన్నీ అయిపోయాక మళ్ళీ అవే చీటీలు గిన్నెలో వేసి రెండో రౌండ్, ఈసారి ఒకే ఒక్క మాట. మూడో రౌండ్‌కి మళ్ళీ అవే, మాటే లేదు, సైగలే. టైమ్స్ అప్, మోనికర్స్ అని బాక్సుల్లో అమ్మేది కూడా ఈ ఆటే, వాటిలో పేర్లు ముందే అచ్చేసి ఉంటాయి, నాకైతే మనవాళ్ళు చేత్తో రాసిన చీటీలే ఇష్టం. ఒకటి రెండు పేర్లు ఎవరికో తెలీకపోయినా మొదటి రౌండ్‌లో తెలిసిపోతాయి, మూడో రౌండ్‌కి వచ్చేసరికి గది మొత్తానికి ఒక సొంత భాష పుట్టేస్తుంది.

మా ఆటలో ఆర్కిమెడిస్ చీటీ ఉంది. మొదటి రౌండ్‌లో ఒకతను "అదేరా, స్నానం చేస్తూ చేస్తూ లేచి వీధిలోకి పరిగెత్తాడే, ఆ సైంటిస్టు" అని చెప్పి చెప్పి అలిసిపోయాడు. రెండో రౌండ్‌లో ఇంకొకామె "తొట్టి" అంది, దొరికేసింది. మూడో రౌండ్‌లో ఆ చీటీ మా సోఫా ఫ్రెండ్ చేతికొచ్చింది. చీటీ చూసి ఒక్క క్షణం ఆగింది. నెమ్మదిగా లేచి, లేని తువ్వాలుని నడుం దగ్గర రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, గుమ్మం వైపు రెండడుగులు వేసింది, అంతే. "ఆర్కిమెడిస్!" అని రెండు టీములూ ఒకేసారి అరిచాయి, ఎదుటి టీం అరవకూడదని కూడా ఎవరికీ గుర్తులేదు. ఆ రాత్రి అందరికన్నా ఆఖరున వెళ్ళింది ఆమే.

వచ్చే వారం మళ్ళీ తొమ్మిది మందిమి అవుతున్నాం. నా ప్లాన్ ఇలా ఉంది: వచ్చేవాళ్ళు వచ్చేదాకా జెంగా, తర్వాత జస్ట్ వన్, అది ఏడుగురికే కాబట్టి ఇద్దరిద్దరు కలిసి ఒక బోర్డు మీద రాసే జంటలు రెండు పెడతా, ఇలా ఇంతకుముందు కూడా ఆడాం, ఏం ఇబ్బంది లేదు. ఆ తర్వాత వేవ్‌లెంగ్త్. గొంతులు అలిసిపోతే తొమ్మిది మందికీ కాగితాలు కుట్టి గీసే ఆట. చీటీలు మాత్రం అందరూ వచ్చిన వెంటనే రాయించి గిన్నెలో వేయించేస్తా, రాత్రి పొద్దుపోయాక పెన్ను ఇస్తే ఎవరికీ పేర్లు తట్టవు.